కీర్తి కొంగది, పని కోడిది

బర్రె వీపు మీద వాలిన నల్లపిట్ట బర్రెకు ఉపకారం చేద్దామని రాలేదు. చుట్టూ నాలుగు దిక్కులూ కనిపించే ఎత్తయిన చోటు దొరికిందని వచ్చింది. బర్రె గడ్డిలో అడుగు వేయగానే కింద నుంచి లేచిన మిడతను గాలిలోనే అందుకుని, మళ్లీ అదే వీపు మీదికొచ్చి కూర్చుంటుంది. తోక చివర రెండుగా చీలిన ఈ పిట్టను పల్లెల్లో పసుల పోలిగాడు అంటారు, ఏట్రింత అనీ అంటారు. ఎప్పుడూ పశువు దగ్గరే కనిపిస్తుంది కాబట్టి పశువు ఒంటి మీది పురుగులన్నీ ఏరి శుభ్రం చేస్తుందని మనం ఎప్పుడో తీర్మానించేసుకున్నాం. బడి పుస్తకాల్లోనూ అదే బొమ్మ: ఒక పశువు, దాని మీద ఒక పిట్ట, కింద ‘పరస్పర సహకారం’ అన్న మాట.

శంషాబాద్ చుట్టుపక్కల ఆ బొమ్మ ఇంకా చెరిగిపోలేదు. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైన తర్వాత ఇక్కడి నేల తీరే మారిపోయింది. దాదాపు 5,500 ఎకరాల ఆవరణ, పక్కనుంచే ఔటర్ రింగ్ రోడ్డు, గోదాములు, హోటళ్లు, వెంచర్లలో పాతిన హద్దురాళ్లు. అయినా మామిడిపల్లి, గొల్లపల్లి, పెద్ద గోల్కొండ, పాలమాకుల, నర్కూడ వైపు వెళ్తే ఖాళీ ప్లాట్లలో పెరిగిన గడ్డిలో బర్రెలు మేస్తూ కనిపిస్తాయి. ఇంకోపక్క హిమాయత్ సాగర్ ఉంది. ఆ జలాశయం, ఉస్మాన్ సాగర్ ఎండిపోకుండా 1996లో తెచ్చిన 111 జీవో వల్ల వాటి పరీవాహక ప్రాంతంలోని ఊళ్లలో చాలాకాలం పొలాలు పొలాలుగానే మిగిలాయి. పొలం ఉన్నచోట పశువు, పశువు ఉన్నచోట పిట్ట.

ఇంతకీ ఆ పిట్ట శుభ్రం చేస్తోందా లేదా? చూసి చెప్పలేం. పిట్ట ఏం తింటోంది, పశువు ఒంటి మీద నుంచే తింటోందా, అది తినిపోయాక పశువు మీద పురుగులు నిజంగా తగ్గాయా అన్న మూడు సంగతులూ తేలాలి. శాస్త్రవేత్తలు ఈ లెక్క తీయడానికి చెట్టు కింద గంటలకొద్దీ కూర్చున్నారు, పిట్టల కడుపులు కోసి చూశారు, పిట్టలను తోలేసి పశువులను పరీక్షించారు. వాళ్లకు తేలిన దానికీ పుస్తకంలోని బొమ్మకూ సగమే పొత్తు కుదిరింది.

ముందు కొంగ సంగతి. బర్రె కాళ్ల దగ్గర మెడ ముందుకూ వెనక్కూ ఊపుతూ నడిచే పొట్టి తెల్లకొంగ ఇది. గుడ్లు పెట్టే కాలంలో తల, మెడ, వీపు మీద నారింజ రంగు తేలుతుంది. చెరువులో ఒంటికాలి మీద జపం చేసే కొంగల కుటుంబమే అయినా దీనికి చేపల మీద ధ్యాస తక్కువ. మిడతలు, ఈగలు, గొంగళి పురుగులు, చిన్న కప్పలు దీని తిండి. బర్రె నడుస్తుంటే గడ్డిలోంచి ఇవన్నీ ఎగిరి బయటపడతాయి. 1965లో హెరాల్డ్ హీట్‌వోల్ అనే పరిశోధకుడు పశువుల పక్కన తిరిగే కొంగలనూ, విడిగా తిరిగే కొంగలనూ పోల్చి చూశాడు. పశువుల పక్కనున్న కొంగ తక్కువ అడుగులు వేసి ఎక్కువ పురుగులు పట్టింది. అంటే కొంగకు కావలసింది బర్రె గిట్ట. ఒంటి మీది పిడుదు దొరికితే కాదనదు, జోరీగ వాలితే వదలదు. కానీ దాని కడుపు నిండేది నేల మీది పురుగులతోనే. బర్రెకు దీనివల్ల నష్టం లేదు, చెప్పుకోదగ్గ లాభమూ లేదు.

ఈ ఏర్పాటు కొంగను ఎక్కడికి తీసుకుపోయిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి 19వ శతాబ్దం చివర్లో దక్షిణ అమెరికా చేరింది. 1953 నాటికి ఫ్లోరిడాలో గూళ్లు పెట్టింది. అడవులు కొట్టి పశువుల బీళ్లు చేసిన ప్రతిచోటికీ దీనికి దారి పడింది. మన వైపుండే కొంగను ఇప్పుడు వేరే జాతిగా లెక్కిస్తున్నారు. ఆ జాతి శాస్త్రీయ నామంలో ఉన్నది కోరమాండల్ తీరమే. 18వ శతాబ్దంలో ఐరోపా వాళ్లు ఈ తీరం నుంచి వెళ్లిన పిట్టను చూసి పెట్టిన పేరది.

కొంగ వదిలేస్తున్న ఆ పిడుదు మాత్రం తేలిగ్గా తీసుకోవలసిన పురుగు కాదు. గోమారి అని కూడా పిలిచే ఈ జీవి పురుగు కూడా కాదు. ఎనిమిది కాళ్లతో సాలీడుకు దగ్గరి చుట్టం. ఆడ పిడుదు చెవి లోపలో, గంగడోలు ముడతల్లోనో, పొదుగు దగ్గరో, తోక కిందో మూతిని చర్మంలోకి దించి రోజుల తరబడి రక్తం తాగి శనగగింజంత ఉబ్బుతుంది. తర్వాత రాలిపడి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పోయే రక్తం ఒక ఎత్తు, రక్తంలోకి ఎక్కించే రోగం ఇంకొక ఎత్తు. మన దగ్గర సంకరజాతి ఆవులను ఎక్కువగా కూలదోసేది థైలేరియోసిస్. హయలోమా జాతి పిడుదు దీన్ని మోసుకొస్తుంది. విడవని జ్వరం, ఉబ్బిన లింఫ్ గ్రంథులు, పడిపోయిన రక్తం, ఆపై పాల చుక్క ఉండదు. నాటు పశువులు ఈ రోగాన్ని చాలావరకు తట్టుకుంటాయి. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు తట్టుకోలేవు. పాల దిగుబడి కోసం సంకరజాతిని తెచ్చుకున్నప్పుడు ఈ బెడద కూడా కొట్టంలోకి వచ్చింది. దీనికి హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ ‘రక్షావ్యాక్-టీ’ అనే టీకా తయారుచేసింది. బలహీనపరిచిన సజీవ పరాన్నజీవితో చేసిన టీకా కాబట్టి ద్రవ నైట్రోజన్‌లో భద్రపరచాలి. పల్లెటూరి పశువైద్యశాలకు అది చిన్న పనేమీ కాదు.

ఇక పశువు ఒంటి మీదకెక్కి పిడుదులనే ఏరుకు తినే పిట్టలు ఉన్నాయా అంటే, ఉన్నాయి. ఆఫ్రికాలోని ఆక్స్‌పెకర్లు అందుకే పుట్టినట్టుంటాయి. చర్మాన్ని గట్టిగా పట్టుకునే గోళ్లు, వెంట్రుకల మధ్య దువ్వెనలా దూరే చదునైన ముక్కు. ఖడ్గమృగం, జిరాఫీ, అడవిదున్న, ఊరి ఎద్దు, ఏదైనా వాటికి ఒకటే. సహజీవనానికి ఉదాహరణ చెప్పమంటే ప్రపంచమంతా వీటి పేరే చెప్పేది. పాల్ వీక్స్ అనే పరిశోధకుడు జింబాబ్వేలో ఎద్దులను రెండు మందలుగా చేసి, ఒక మంద మీద ఆక్స్‌పెకర్లు వాలకుండా తోలించాడు. 2000లో ఫలితాలు అచ్చయ్యాయి. పిట్టలు వాలిన ఎద్దుల మీదా, వాలని ఎద్దుల మీదా పెద్ద పిడుదుల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిట్టలు వాలిన ఎద్దుల పుండ్లు మాత్రం ఆలస్యంగా మానాయి, ఎందుకంటే పిట్టలు ఆ పుండ్లను పొడిచి రక్తం తాగుతున్నాయి. చెవిలో గుబిలి కూడా తిన్నాయి. అసలు వాటికి ఇష్టమైనది రక్తం. పిడుదును తినేది కూడా ఎక్కువగా అది పశువు రక్తం తాగి ఉబ్బాకే.

మన పల్లెలో ఈ విషయం ఏ ప్రయోగం లేకుండానే తెలుసు. ‘ఎద్దు పుండు కాకికి నొప్పా’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. కాకి కూడా బర్రె చెవిలో దూరి పిడుదును లాగుతుంది. మెడ మీద కాడి ఒరుసుకున్న పుండు కనిపిస్తే దాన్నీ వదలదు. గోరువంకలు కొంత నయం. అవి వీపు మీద తిరుగుతూ ఈగలనూ పిడుదులనూ ఏరతాయి, దిగి కొంగలాగే గిట్టల చుట్టూ మిడతలు పడతాయి. నల్లమలలో దుప్పుల మీద కూడా వాలుతుంటాయి. పిట్ట చెవి దగ్గరికి రాగానే దుప్పి తల వంచి కదలకుండా నిలబడడం చూసినవాళ్లకు వాటి మధ్య ఏదో ఒప్పందం ఉందనిపించడంలో తప్పేం లేదు.

అయితే ఆక్స్‌పెకర్ కథ అక్కడే ముగియలేదు. 2020లో దక్షిణాఫ్రికాలో నల్ల ఖడ్గమృగాల మీద చేసిన అధ్యయనం ఇంకో కోణం చూపింది. ఖడ్గమృగానికి చూపు మందం. గాలివాటు చూసుకుని మనిషి నడిచి వెళ్తే, వీపు మీద ఆక్స్‌పెకర్ లేని ఖడ్గమృగం నాలుగింట ఒకసారే పసిగట్టింది, అదీ 27 మీటర్ల దగ్గరికి వచ్చాక. పిట్ట ఉన్నప్పుడు దాని అరుపు విని ప్రతిసారీ పసిగట్టింది, సగటున 61 మీటర్ల దూరంలోనే. అంటే పుండు పొడిచి రక్తం తాగే పిట్టే వేటగాడి నుంచి ప్రాణం కాపాడుతోంది. దీన్ని స్నేహం అనాలో పీడ అనాలో తేల్చడం కష్టం. రెండూ ఒకే రోజు, ఒకే వీపు మీద జరుగుతున్నాయి.

మొసలి నోట్లో పళ్లు కుట్టే పిట్ట సంగతి కూడా చాలామంది అడుగుతారు. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ నైలు నది గురించి రాస్తూ చెప్పిన ముచ్చట అది. ఇన్ని కెమెరాలు వచ్చాక కూడా ఆ దృశ్యానికి నమ్మదగిన ఫొటో ఒక్కటీ లేదు. ఇంటర్నెట్‌లో తిరిగేవి కల్పించినవి. మన సైన్సు పుస్తకాల నుంచి ఈ పిట్టను ఇక ఎగరగొట్టేయవచ్చు.

శుభ్రం చేయడమే బతుకుగా ఉన్న జీవిని చూడాలంటే నేల వదిలి సముద్రంలోకి వెళ్లాలి. పగడపు దిబ్బల్లో వేలెడంత పొడవుండే క్లీనర్ రాస్ చేప ఉంటుంది. నీలి ఒంటి మీద ముక్కు నుంచి తోక దాకా ఒక నల్లచార. మన దేశంలో లక్షద్వీప్, అండమాన్ పగడాల దగ్గర కనిపిస్తుంది. దీనికి ఒక స్థిరమైన అడ్డా ఉంటుంది. పెద్ద చేపలు అక్కడికే వచ్చి, నోరూ మొప్పలూ తెరిచి, కదలకుండా నిలబడతాయి. ఈ చిన్న చేప వాటి నోట్లోకి దూరి పరాన్నజీవులను ఏరుకుని క్షేమంగా బయటికొస్తుంది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో అలెగ్జాండ్రా గ్రటర్ లెక్కపెట్టినప్పుడు ఒక్కో క్లీనర్ చేప రోజుకు దాదాపు 1,200 పరాన్నజీవులను తింటున్నట్టు 1996లో తేలింది. కొన్ని దిబ్బల మీద నుంచి ఈ చేపలను 8 ఏళ్లకు పైగా తొలగిస్తూ చూస్తే, అక్కడ మిగతా చేపల రకాలూ తగ్గాయి, సంఖ్యా తగ్గింది, కొన్ని చేపల ఎదుగుదల కూడా కుంటుపడింది. ఇక్కడ లెక్క సరిపోయింది. ఇది నిజమైన శుభ్రతే.

నిజమైనదే గానీ నిష్కామమైనది కాదు. క్లీనర్ చేపకు అసలు రుచి పరాన్నజీవి మీద లేదు, ఎదుటి చేప ఒంటి మీది జిగురు మీద ఉంది. సందు దొరికితే పురుగును వదిలేసి జిగురు కొరుకుతుంది. కొరికించుకున్న చేప ఒక్కసారి జర్కు ఇచ్చి తరిమేస్తుంది, లేదా ఇంకో అడ్డాకు పోతుంది. స్విట్జర్లాండ్‌లో పనిచేసే రెడువాన్ బ్షారీ ఈ వ్యవహారాన్ని ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఆయన, గ్రటర్ కలిసి 2006లో చూపించిన విషయం మరీ సరదాగా ఉంటుంది. వంతు కోసం నిలబడ్డ చేపలు ముందున్న చేపకు ఎలాంటి పని జరుగుతోందో గమనిస్తుంటాయి. మోసం కనిపిస్తే రావు. చూసేవాళ్లు ఉన్నప్పుడు క్లీనర్ చేప బుద్ధిగా పురుగులే ఏరుతుంది. మగా ఆడా కలిసి పనిచేస్తున్నప్పుడు ఆడ చేప కక్కుర్తిపడి జిగురు కొరికి గిరాకీని పోగొడితే మగ చేప దాన్ని తరిమి శిక్షిస్తుందని 2010లో తేలింది. భయపెట్టే పెద్ద చేపలు వచ్చినప్పుడు క్లీనర్ చేప రెక్కలతో వాటి ఒళ్లు తడుముతుంది కూడా. అలా తడిమితే చేపల్లో ఒత్తిడి హార్మోను తగ్గుతుందని కొలిచి చూశారు.

2019లో జపాన్‌లోని ఒసాకాలో మసనోరి కోహ్‌దా బృందం ఈ చేపకు అద్దం చూపించింది. గొంతు కింద గోధుమరంగు మచ్చ పెడితే, అద్దంలో చూసుకుని ఆ మచ్చ పోవాలని గొంతును అడుగునున్న ఇసుకకు రుద్దుకుంది. కోతులకూ ఏనుగులకూ పెట్టే పరీక్షలో వేలెడు చేప నెగ్గడం ఏమిటని శాస్త్రలోకంలో వాదన ఇంకా నడుస్తోంది. పొద్దస్తమానం ఎదుటివాడి ఒంటి మీద మచ్చ కనిపిస్తే పురుగేమోనని చూసే జీవికి తన ఒంటి మీది మచ్చ కనిపించడంలో వింత లేదనేది ఒక పక్షం.

హైదరాబాద్ వాసులకు తెలిసిన క్లీనర్ చేప ఇంకొకటి. కొన్నేళ్ల కింద మాల్స్‌లో గాజు తొట్లలో కాళ్లు పెట్టించి డబ్బు తీసుకున్న ఫిష్ స్పా చేప. దాని పేరు గర్రా రూఫా. సొంత ఊరు టర్కీలోని కంగాల్ వేడి నీటి బుగ్గలు. ఆ వేడి నీళ్లలో నాచు, సూక్ష్మజీవులు తక్కువ కావడంతో స్నానానికి దిగిన మనిషి కాలి మీద చచ్చిన చర్మాన్ని గీకి తినడం నేర్చుకుంది. తొట్టిలో కూడా దాన్ని ఆకలితో ఉంచితేనే మన కాళ్ల మీద పడుతుంది. గర్రా కుటుంబం చేపలు మన కృష్ణా, గోదావరి పరీవాహక వాగుల్లోనూ ఉన్నాయి. అవి మూతి కింద ఉండే చప్పరింపు బిళ్లతో రాళ్లను పట్టుకుని నాచు గీకుతాయి, వాగులో కాళ్లు పెట్టి కూర్చుంటే చక్కిలిగింతలు పెడతాయి. అంతవరకు హాయే. తొట్టి సంగతి వేరు. ఇండోనేసియా నుంచి బ్రిటన్‌కు వెళ్తున్న గర్రా రూఫా చేపలను 2011లో లండన్ హీత్రో విమానాశ్రయంలో పట్టి పరీక్షిస్తే మనిషికి జబ్బు చేయగల బాక్టీరియా బయటపడింది, వాటిలో కొన్ని చాలా రకాల యాంటీబయాటిక్‌లకు లొంగనివి. ఒకరి కాలికీ ఇంకొకరి కాలికీ మధ్య చేపను ఉడకబెట్టి శుద్ధి చేయలేం కదా. అమెరికాలో పలు రాష్ట్రాలు ఈ వ్యాపారాన్ని నిషేధించాయి. మధుమేహం ఉన్నవాళ్లు, కాలికి చిన్న గాటు ఉన్నవాళ్లు ఆ తొట్టి దరిదాపుల్లోకి వెళ్లకపోవడమే మంచిది.

మళ్లీ శంషాబాద్ కొట్టాల దగ్గరికి వస్తే, ఇంతవరకు పేరెత్తని ఒక పనిమంతురాలు అక్కడ ఉంది. ఎవరూ బొమ్మ వేయని, ఎవరూ సహజీవనం అనని నాటుకోడి.

మధ్యాహ్నం పూట నెమరు వేస్తూ పడుకున్న బర్రె చుట్టూ కోడి తిరిగే తీరు చూడాలి. మెడ కింద దూరుతుంది, తొడల సందున మెడ చాచుతుంది, పొదుగు దగ్గర ఉబ్బిన పిడుదును గురిచూసి ఒక్క పోటుతో లాగేస్తుంది. నేల మీద రాలి గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటున్న పిడుదును కాళ్లతో గీరి మరీ పట్టుకుంటుంది. కెన్యాలో 1990ల మొదట్లో దీన్ని పద్ధతిగా కొలిచారు. పశువుల మధ్య అరగంట నుంచి గంటసేపు తిరిగిన కోళ్ల మేత సంచులు, కందనకాయలు తెరిచి చూస్తే ఒక్కోదానిలో సగటున 80కి పైగా పిడుదులు ఉన్నాయి. కొన్నిటిలో మూడో నాలుగో, కొన్నిటిలో 300 దాటి. ఆక్స్‌పెకర్‌కు వచ్చినంత పేరు మన కోడికి రాకపోవడానికి కారణం వెతకనక్కర్లేదు. అది పులుసులోకి వెళ్లే పిట్ట. కూరలో ముక్కగా చూసేదాన్ని ప్రకృతి వింతగా చూడడం ఎవరికైనా కష్టమే.

కోడి చేసే శుభ్రతకు ఇంకో విలువ ఉంది. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు ఒక్కటి పోతే రెండు మూడు వేల గుడ్లు పోయినట్టే. పిట్ట ముక్కుకు తేలిగ్గా దొరికేది కూడా ఆ ఉబ్బినదే. చర్మానికి అంటుకుపోయిన సన్న పిల్లలను కోడి చూడలేదు, లాగలేదు. కాబట్టి కోళ్లుంటే మందు అక్కర్లేదనుకోవడం పొరపాటు. మందు ఎన్నిసార్లు కొట్టాలన్న లెక్క మారుతుంది, అంతే.

విమానాశ్రయానికి పొరుగునే ఉన్న రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది. పెరటి పెంపకానికి పనికొచ్చే వనరాజా, గ్రామప్రియ కోళ్లను తయారుచేసింది ఈ సంస్థే. గుడ్డు, మాంసం కోసం తీసిన రకాలవి, పిడుదుల కోసం కాదు. బయట తిరిగి గింజా పురుగూ ఏరుకు తినే గుణం మాత్రం వాటిలో చెక్కుచెదరలేదు. అదే రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, పంట పొలాల పక్షుల మీద దశాబ్దాలుగా పనిచేసిన అఖిల భారత పరిశోధన కేంద్రం కూడా ఉంది. పశువు, కోడి, పొలం పిట్ట, ముగ్గురినీ చదివే సంస్థలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లు దేశంలో ఎక్కువ ఉండవు. తెలంగాణ కొట్టాల్లో కోడి ఒక పూటలో ఎన్ని పిడుదులు ఏరుతుందో లెక్క కట్టడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు.

ఇక్కడ విమానాశ్రయం ప్రస్తావన ఊరికే రాలేదు. పశువుకు నేస్తం అనుకున్న కొంగ విమానానికి బద్ధశత్రువు. కొంగకు కావలసింది గిట్ట అన్నాం కదా, ఆ గిట్ట బర్రెదే కానక్కర్లేదు. దుక్కి దున్నే ట్రాక్టర్ వెనక బారులు తీరేది, వరి కోత యంత్రం ముందు గెంతేది ఇదే పిట్ట. రన్‌వే పక్కన గడ్డి కోసే యంత్రం కూడా దానికి ఇంకో బర్రె. ఎక్కడ పురుగు లేస్తే అక్కడ వాలుతుంది. గుంపుగా వాలి, విమానం చప్పుడుకు గుంపుగా లేస్తుంది. శంషాబాద్ ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు, దాని రెండు పక్కలా గడ్డి. ఏ విమానాశ్రయంలోనైనా గడ్డిని ఎంత ఎత్తున ఉంచాలి, ఏ వేళలో కోయాలి అన్నది తోటమాలి ఇష్టానికి వదిలేసే విషయం కాదు, భద్రత విషయం. గడ్డి పొట్టిగా ఉంటే పురుగు కంటబడి కొంగ వస్తుంది, మరీ పెరిగితే ఎలుకలు చేరి వాటి కోసం గద్దలు వస్తాయి.

ఈ పాఠాన్ని హవాయి దీవులు డబ్బు పెట్టి నేర్చుకున్నాయి. పశువులను ఈగలు పీడిస్తున్నాయని 1959లో ఫ్లోరిడా నుంచి ఈ కొంగలను తెచ్చి అక్కడ వదిలారు. ఈగల బెడద అనుకున్నంత తగ్గలేదు, కొంగలు మాత్రం వేలకు వేలయ్యాయి. ఇతర పక్షుల గుడ్లూ పిల్లలూ తిన్నాయి, చేపలూ రొయ్యలూ పెంచే చెరువుల మీద పడ్డాయి, హిలో విమానాశ్రయంలో విమానాలకు అడ్డం వచ్చాయి. చివరికి వాటిని తగ్గించడానికి కార్యక్రమాలు పెట్టుకోవలసి వచ్చింది. పుస్తకంలోని బొమ్మను నమ్మి, పిట్ట కడుపులో ఏముందో చూడకపోతే ఇలాగే ఉంటుంది.

మన దేశంలో 1937 నాటి విమానయాన నిబంధనల్లో 91వ నిబంధన ఒకటి ఉంది. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో అనుమతి లేకుండా పశువులను కోయకూడదు, తోళ్లు ఒలవకూడదు, పక్షులనూ జంతువులనూ రప్పించే చెత్త, మాంసం వ్యర్థాలు పడేయకూడదు. శంషాబాద్ పట్టణం మొత్తం ఆ పరిధిలోకే వస్తుంది. ఆదివారం చికెన్ షాపు వెనక పారబోసిన బకెట్టుకూ ఆకాశంలో గిరికీలు కొట్టే గద్దకూ మధ్య పెద్ద దూరం లేదు. జంతువులు ప్రహరీలు చూసి ఆగవు. 2024 వేసవిలో విమానాశ్రయం ఆవరణలోకి చిరుతే వచ్చింది, అటవీ శాఖ బోనులు పెట్టి దాన్ని పట్టుకుంది.

బర్రెల మీద కొట్టే మందుల సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. దక్షిణాఫ్రికాలో పిడుదులు చావాలని ఆర్సెనిక్ కలిపిన నీళ్లలో, తర్వాత ఆర్గానోఫాస్ఫేట్ మందుల్లో పశువులను ముంచి తీసేవారు. ఆ పిడుదులు తిని ఆక్స్‌పెకర్లు చాలా ప్రాంతాల్లో కనిపించకుండా పోయాయి. సురక్షితమైన మందులు వచ్చాక వాటిని మళ్లీ తెచ్చి వదలవలసి వచ్చింది. మన దగ్గర రాబందులకు జరిగింది అందరికీ తెలిసిందే. పశువుకు నొప్పి తగ్గాలని వేసిన డైక్లోఫినాక్ సూది రాబందు మూత్రపిండాలను చంపింది, 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించేనాటికి అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు కొట్టాల్లో ఎక్కువగా వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులు పిట్టలకు అంత విషం కావు. వాటి చిక్కు ఇంకొకటి. మోతాదు తప్పించి ఇష్టం వచ్చినట్టు కొట్టడంతో దేశంలో చాలాచోట్ల పిడుదులు వాటికి లొంగడం మానేశాయి.

పశువులున్న ఇంటివాళ్లు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మందు కొట్టిన రోజు కోళ్లను కొట్టంలోకి వదలకండి, మిగతా రోజుల్లో వాటిని ఆపకండి. మందు మోతాదు పశువైద్యుణ్ని అడిగి కలపండి. హయలోమా పిడుదు గుడ్లు పెట్టేది గోడ పగుళ్లలో, నేల నెర్రెల్లో కాబట్టి ఎండాకాలంలోనే వాటిని పూడ్చి సున్నం వేయించండి. చేత్తో ఏరిన పిడుదును నేల మీద పడేస్తే అది అక్కడే గుడ్లు పెడుతుంది, కిరసనాయిల్ డబ్బాలో వేయండి. గోళ్ల మధ్య పెట్టి చిదమడం మాత్రం పూర్తిగా మానేయండి. 2011లో గుజరాత్‌లో మనుషుల ప్రాణాలు తీసిన క్రిమియన్ కాంగో జ్వరం వైరస్‌ను మోసేది ఈ హయలోమా పిడుదే, దాని రక్తం చేతి గాటుకు తగిలినా చాలు.